బైకార్బోనేట్ 17 అని వచ్చింది: మాత్రలు ఎందుకు, వంట సోడా ఎందుకు కాదు

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను, తరువాత చదివేవారికి కూడా ఉపయోగపడుతుంది. నాన్నగారికి 61 ఏళ్లు, బరువు 60 కిలోలు, చాలాకాలంగా బీపీ ఉంది, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.2. ఈసారి పరీక్షలో సోడియం 138, పొటాషియం 5.3, క్లోరైడ్ 108, బైకార్బోనేట్ 17 వచ్చాయి. డాక్టరుగారు 500 మిల్లీగ్రాముల సోడియం బైకార్బోనేట్ మాత్రలు ఉదయం రెండు, రాత్రి రెండు రాశారు. ఇది వంట సోడాయే కదా, ఇంట్లోనే కలిపి ఇవ్వవచ్చు కదా అని మీ బాబాయిగారు అంటున్నారు. పులుపు మానేయాలని ఒకరు, ఆల్కలైన్ నీళ్ల యంత్రం కొనాలని మరొకరు సలహా ఇచ్చారు. ఇంతకీ ఈ బైకార్బోనేట్ ఏమిటి, మాత్రలు జీవితాంతం వేయాలా అన్నది మీ ప్రశ్న.

బైకార్బోనేట్ అంటే రక్తంలో ఆమ్లాన్ని విరిచే క్షారం, మామూలుగా 24 ఉంటుంది. అది తగ్గడం ఒక జబ్బు పేరు కాదు, ఒక ఆచూకీ మాత్రమే. తగ్గడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. ఒంట్లో ఎక్కడో ఆమ్లం ఎక్కువగా పుట్టి దాన్ని ఖర్చు చేసేయవచ్చు. విరేచనాల్లోనో మూత్రంలోనో అదే బయటికి పోవచ్చు. లేదా మూత్రపిండాలు రోజూ తయారు చేయవలసినంత తయారు చేయలేకపోవచ్చు. రిపోర్టులో మూడింటికీ అదే 17 కనబడుతుంది గానీ, వైద్యం మూడింటికీ వేరు. అందుకే అంకె చూడగానే సోడా గురించి ఆలోచించకుండా, ఆ బైకార్బోనేట్ ఎటు పోయిందని అడగాలి.

అది చేసే పని చూడాలంటే వంటిల్లు చాలు. గ్లాసులో కొద్దిగా వంట సోడా వేసి నిమ్మకాయ పిండండి. బుస్సున పొంగుతుంది. నిమ్మరసంలోని హైడ్రోజన్ అయాన్లను బైకార్బోనేట్ పట్టుకుని కార్బోనిక్ ఆమ్లమైంది, అది వెంటనే నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోయింది, వాయువు గాలిలో కలిసింది. నిమ్మరసం పులుపు విరిగింది, సోడా కూడా ఖర్చయిపోయింది. రక్తంలో క్షణక్షణం జరిగేది ఇదే చర్య. అక్కడ నురగ కనబడదు, వాయువు ఊపిరితిత్తుల గుండా బయటికి పోతుంది, అంతే తేడా.

ఇంత ఆమ్లం ఎక్కడినుంచి వస్తుంది? తిన్నది కాలగా పుట్టే కార్బన్ డయాక్సైడ్ రోజుకు సుమారు 15,000 మిల్లీమోల్స్. అంకె పెద్దదే గానీ ఊపిరి ఆడుతున్నంతసేపు దానితో ఇబ్బంది లేదు. చిక్కంతా ఊపిరితో పోని ఆమ్లాలతోనే. మాంసం, చేపలు, గుడ్లు, పప్పులు, ధాన్యాలలోని ప్రొటీన్లలో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఉంటాయి. అవి విరిగినప్పుడు సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారవుతుంది. ఇలాంటి ఆమ్లాలన్నీ కలిపి కిలో బరువుకు రోజుకు దాదాపు ఒక మిల్లీ ఈక్వివలెంట్ (ఆమ్ల, క్షారాలను లెక్కించే కొలత), అంటే మీ నాన్నగారికి 60. కణాల వెలుపల ఉన్న ద్రవం ఆయన శరీరంలో సుమారు 12 లీటర్లు. లీటరుకు 24 చొప్పున లెక్కిస్తే ఆరోగ్యంగా ఉన్నప్పటి నిల్వ 288. మూత్రపిండాలు చేతులెత్తేస్తే ఈ నిల్వ కాగితం మీద అయిదు రోజుల ఖర్చుకు మించదు. ఎముకలు, కణాల లోపలి ప్రొటీన్లు కొంత భారం మోస్తాయి కాబట్టి వాస్తవంలో ఇంకొంతకాలం లాగుతుంది. ఆ మోయడానికి మూల్యం ఉంది, తరువాత చెబుతాను.

రసాయనశాస్త్రం చదువుకున్నవారికి ఇక్కడ ఒక అనుమానం రావాలి. ఆమ్ల క్షారాల కొలమానం పీహెచ్, అది తగ్గితే ఆమ్లం పెరిగినట్లు. ఆ పీహెచ్‌ను నిలకడగా ఉంచే మిశ్రమాన్ని బఫర్ అంటారు. ఏ బఫర్ అయినా తన పీకే విలువకు, అంటే దానిలో ఆమ్ల రూపం, క్షార రూపం సమానంగా ఉండే పీహెచ్‌కు, దగ్గరలో బాగా పనిచేస్తుంది. బైకార్బోనేట్ బఫర్ పీకే 6.1, రక్తం పీహెచ్ 7.4. అంత దూరంలో ఉన్న బఫర్‌ను శరీరం ఎందుకు నమ్ముకుంది? సమాధానం హెండర్సన్–హాసెల్‌బాల్క్ సమీకరణంలో ఉంది. పీహెచ్‌ను నిర్ణయించేది బైకార్బోనేట్ ఒక్కటే కాదు, బైకార్బోనేట్‌కూ కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌కూ మధ్య ఉన్న నిష్పత్తి. మామూలుగా బైకార్బోనేట్ 24. కార్బన్ డయాక్సైడ్ పీడనం 40, రక్తంలో ఎంత కరిగిందో తెలియడానికి దాన్ని 0.03తో గుణిస్తే 1.2. నిష్పత్తి 20. ఇరవైకి లాగరిథమ్ 1.3, దానికి 6.1 కలిపితే 7.4.

ఇప్పుడు లీటరు రక్తంలో 12 మిల్లీ ఈక్వివలెంట్ల ఆమ్లం పడిందనుకోండి. బైకార్బోనేట్ 12కు దిగుతుంది. పుట్టిన వాయువుకు బయటికి పోయే దారి లేకపోతే కరిగిన కార్బన్ డయాక్సైడ్ 13.2 అవుతుంది, పీహెచ్ 6.06కు పడుతుంది, మనిషి బతకడు. దారి ఉండి వాయువు పాత 1.2 దగ్గరే ఉంటే పీహెచ్ 7.1. ఇంకొంచెం గట్టిగా ఊపిరి తీసి పీడనాన్ని 26కు దించితే పీహెచ్ 7.29. ఆమ్లం అంతే, బైకార్బోనేట్ అంతే, ఊపిరి మాత్రమే మారింది. పాఠ్యపుస్తకాలు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి గానీ నా దృష్టిలో విషయమంతా ఇక్కడే ఉంది. బైకార్బోనేట్ గొప్పతనం దాని రసాయన బలంలో లేదు. దాని జంట అయిన కార్బన్ డయాక్సైడ్‌ను ఒకవైపు ఊపిరితిత్తులు నిమిషాల్లో సరిచేయగలవు, దాన్ని మరోవైపు మూత్రపిండాలు రోజుల్లో సరిచేయగలవు. రెండు చివర్లూ తెరిచి ఉన్న బఫర్ ఇది.

మధుమేహం ముదిరి కీటోన్లు (కొవ్వు విరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకున్నవారు లోతుగా, ఎడతెరిపి లేకుండా ఊపిరి తీస్తారు. జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్ 1874లో వర్ణించిన ఊపిరి అదే. చూసేవారు ఆయాసమని ఆస్తమా మందులు వెతుకుతారు. అది ఊపిరితిత్తుల జబ్బు కాదు, కార్బన్ డయాక్సైడ్‌ను తోసేసి నిష్పత్తిని కాపాడుకునే ప్రయత్నం. ఆ ప్రయత్నం సరిపోతున్నదో లేదో కూడా లెక్క వేయవచ్చు: బైకార్బోనేట్‌ను ఒకటిన్నరతో గుణించి 8 కలపండి. వచ్చిన అంకెకు రెండు అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ పీడనం ఉండాలి. బైకార్బోనేట్ 12 ఉన్నప్పుడు పీడనం 26 దగ్గర ఉంటే ఊపిరితిత్తులు తమ పని చేస్తున్నట్లు. 40 ఉంటే అలసిపోతున్నట్లు, అది ప్రమాదం.

ఇక మూత్రపిండాల సంగతి. వాటి పని వ్యర్థాలను బయటికి పంపడమేనని చాలామంది అనుకుంటారు. రోజుకు 180 లీటర్ల ద్రవం వడగడతాయి, దానితోపాటు 4,300కు పైగా మిల్లీ ఈక్వివలెంట్ల బైకార్బోనేట్ కూడా జారుతుంది. అంటే ఒంట్లో ఉన్న నిల్వకు ఎన్నో రెట్లు. అది మూత్రంలో పోతే పూట కూడా గడవదు. అందుకని మొదటి మెలికల గొట్టంలోనే 80 నుంచి 90 శాతం వెనక్కు తీసుకుంటాయి, మిగిలింది తరువాతి గొట్టాలు పట్టుకుంటాయి. కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఈ పనికి కీలకం. దాన్ని అడ్డుకునే మందు అసిటజోలమైడ్. కంటి నీటికాసులకు, ఎత్తైన కొండ ప్రాంతాలకు వెళ్లేటప్పుడు వాడతారు. మైగ్రేన్‌కు, మూర్ఛకు ఇచ్చే టోపిరమేట్‌కూ కొంతవరకు ఈ గుణం ఉంది. నాన్నగారు కంటి వైద్యుడి దగ్గర ఏవైనా మాత్రలు వాడుతుంటే కిడ్నీ డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఒక్కోసారి 17కు కారణం ఆ చీటీలోనే ఉంటుంది.

వెనక్కు తీసుకోవడంతో పని సగమే అయింది. రోజూ పుట్టే 60 ఆమ్లానికి ఖర్చయిన 60 బైకార్బోనేట్‌ను కొత్తగా తయారు చేయాలి. దీనికి మూత్రపిండ కణాలు గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొడతాయి. ఒకపక్క అమ్మోనియా, మరోపక్క బైకార్బోనేట్ పుడతాయి. అమ్మోనియా హైడ్రోజన్ అయాన్లను మోసుకుని మూత్రంలో పోతుంది, బైకార్బోనేట్ రక్తంలోకి చేరుతుంది. ఫాస్ఫేట్ కూడా కొంత ఆమ్లాన్ని మోస్తుంది గానీ, అవసరాన్ని బట్టి పెంచుకోగలిగేది అమ్మోనియానే. మూత్రపిండంలో పనిచేసే నెఫ్రాన్లు (సూక్ష్మమైన వడపోత గొట్టాలు) తగ్గేకొద్దీ ఈ తయారీ పడిపోతుంది.

మీ నాన్నగారి అంకెలను ఇప్పుడు చూద్దాం. సోడియం నుంచి క్లోరైడ్, బైకార్బోనేట్ రెండూ తీసేయండి: 138లో 125 పోతే 13. దీన్ని యానియన్ గ్యాప్ అంటారు. సాధారణంగా 8 నుంచి 12, అటూ ఇటూగా. కీటోన్లు, లాక్టిక్ ఆమ్లం, మిథనాల్ లాంటి విషాలు బైకార్బోనేట్‌ను ఖర్చు చేస్తే ఆ లోటులో కొత్త ఆమ్లాల అవశేషాలు వచ్చి కూర్చుంటాయి, గ్యాప్ 20 దాటుతుంది. బైకార్బోనేట్ బయటికి పోయినా, తయారు కాకపోయినా ఆ లోటును క్లోరైడ్ నింపుతుంది, గ్యాప్ పెద్దగా మారదు. నాన్నగారికి క్లోరైడ్ 108, గ్యాప్ 13. విరేచనాలు లేవన్నారు. అంటే మూడో దారి, అమ్మోనియా తయారీ తగ్గడమే ఎక్కువ సంభవం. మూత్రపిండాలు ఇంకా దెబ్బతింటే సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు నిలిచిపోయి గ్యాప్ కూడా పెరుగుతుంది. ఒక షరతు: రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువగా ఉంటే గ్యాప్ తప్పుగా చిన్నదిగా కనబడుతుంది, దాన్ని సరిచేసుకుని చదవాలి.

బైకార్బోనేట్ ఒక్కదాన్నే చదివితే ఎంత మోసపోతామో చెప్పడానికి 1952 నాటి కోపెన్‌హాగన్‌ను మించిన ఉదాహరణ లేదు. ఆ వేసవిలో అక్కడ పోలియో విరుచుకుపడింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో ఊపిరి కండరాలు చచ్చుబడినవారు వరుసగా చనిపోతున్నారు. మొదటి మూడు వారాల్లో యంత్రాల సాయంతో ఊపిరి అందించిన 31 మందిలో 27 మంది పోయారు. చనిపోయేవారి రక్తంలో బైకార్బోనేట్ చాలా ఎక్కువగా వస్తోంది. అందువల్ల రక్తం క్షారమైపోయింది, ఇదేదో అంతుచిక్కని ఆల్కలోసిస్ అని అక్కడి వైద్యులు భావించారు. మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ మాత్రం వేరుగా చదివాడు. ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ పేరుకుంది, అందుకే బైకార్బోనేట్ పెరిగింది, అసలు రక్తం ఆమ్లంగా ఉందన్నాడు. ఆగస్టు 27న 12 ఏళ్ల బాలికకు గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాడు. ఆ పిల్ల బతికింది. ఆ తరువాత నెలల తరబడి వైద్య విద్యార్థులు వంతులవారీగా రోగుల పక్కన కూర్చుని సంచులు నొక్కారు, మరణాలు బాగా తగ్గాయి. నేటి ఐసీయూలకు మూలం అక్కడే ఉందంటారు. ఈ రోజుకీ, ఏళ్ల తరబడి బీడీలు తాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషి రిపోర్టులో బైకార్బోనేట్ 34 కనబడితే 'క్షారం ఎక్కువైంది' అనేవారున్నారు. పెరిగిన వాయువుకు మూత్రపిండాలు ఇచ్చిన జవాబు అది. దాన్ని మందులతో దించితే హాని చేసినవారమవుతాం. తలకిందులుగా, గర్భిణులు సహజంగానే ఎక్కువ ఊపిరి తీస్తారు కాబట్టి వారిలో 20 వచ్చినా కంగారు అక్కర్లేదు.

పరీక్ష గురించి ఒక మాట. ల్యాబ్ నుంచి వచ్చే బైకార్బోనేట్ నిజానికి మొత్తం కార్బన్ డయాక్సైడ్ కొలత, కాబట్టి అసలు విలువ కంటే ఒకటి ఎక్కువగా ఉంటుంది. ధమని రక్తంతో చేసే ఏబీజీ అనే పరీక్షలోని బైకార్బోనేట్ కొలిచింది కాదు, పీహెచ్, పీడనాల నుంచి యంత్రం లెక్కకట్టింది. రెండూ అచ్చంగా ఒకటి కావు. అంతకంటే ముఖ్యం, గొట్టం మూత తీసి గంటలకొద్దీ ఉంచితే వాయువు ఎగిరిపోయి విలువ పడిపోతుంది. గొట్టంలో రక్తం అడుగున కొద్దిగానే ఉన్నా అంతే. ఊరిలో ఉదయం తీసిన నమూనా పట్నం చేరి సాయంత్రం పరీక్షకు వెళ్లిన సందర్భాల్లో 17ను నేను వెంటనే నమ్మను, మళ్లీ చేయిస్తాను. నాన్నగారికి పొటాషియం, క్రియాటినిన్ రెండూ కథకు అతికినట్లే ఉన్నాయి కాబట్టి ఇది నిజమైన 17 అనే అనుకుంటున్నాను.

తగ్గితే ఏమవుతుందని అడిగారు. చాలాకాలం ఏమీ తెలియదు, అదే చిక్కు. ఎముకలు తమ క్షార లవణాలను వదిలి ఆమ్లాన్ని తటస్థం చేస్తూ ఉంటాయి, కాల్షియం పోతుంది. కండరాల ప్రొటీన్ కరుగుతుంది. నాన్నగారు సన్నబడుతున్నారన్నారు, దానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. పొటాషియం పెరగడానికీ కొంత దోహదం చేస్తుంది. మూత్రపిండాలకు మేలు జరుగుతుందా అన్నదానిపై మాత్రం ఆధారాలు రెండు రకాలుగా ఉన్నాయి. 2009లో బ్రిటన్‌లో 134 మందిపై చేసిన అధ్యయనంలో మాత్రలు వాడినవారికి మూత్రపిండాల క్షీణత నెమ్మదించింది. అరవై దాటినవారిపై అక్కడే చేసి 2020లో ప్రచురించిన మరో పరీక్షలో చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. అందుకే 2012లో 22 కంటే తగ్గితే చికిత్స మొదలుపెట్టమన్న అంతర్జాతీయ మార్గదర్శకాలు, 2024కు వచ్చేసరికి 18 కంటే దిగకుండా చూడమని మెత్తబడ్డాయి. 20 ఉన్నవారికి నేను తొందరపడను. 17కు మాత్రలు రాయడం సబబే.

మాత్ర లోపలిది వంట సోడాయే, మీ బాబాయిగారు ఆ మాటలో తప్పేమీ చెప్పలేదు. తేడా మోతాదులో ఉంది. 500 మిల్లీగ్రాముల మాత్రలో 6 మిల్లీ ఈక్వివలెంట్ల బైకార్బోనేట్ ఉంటుంది, నాలుగు మాత్రలకు 24. ఒక టీస్పూన్ సోడా అయిదు గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది, అంటే ఒక్క గుక్కలో దాదాపు పది మాత్రలు. చెంచా గుట్టగా తీశారా, అంచుకు సమంగా గీసి తీశారా అన్నదాన్ని బట్టి అది మారుతూ ఉంటుంది. ఆ చెంచా సోడా మొత్తం కడుపులో ఆమ్లంతో కలిస్తే పుట్టే వాయువు లీటరున్నర. పెళ్లి భోజనం చేసి గ్యాస్ కోసం చెంచాలకొద్దీ సోడా తాగితే కడుపు పగిలిన కేసులు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. పైగా సోడియం: నాలుగు మాత్రల్లో సుమారు 550 మిల్లీగ్రాములు, అంటే గ్రామున్నరకు కొంచెం తక్కువ ఉప్పు. బీపీ ఉన్న మనిషికి లెక్క తెలిసిన సోడియం వేరు, లెక్క లేని సోడియం వేరు. గ్యాస్ కోసం నీళ్లలో వేసుకుని తాగే నురగ పొడులకూ ఇదే వర్తిస్తుంది, అవి ఆపించండి. ఇంట్లో బట్టల సోడా కూడా ఉంటే దాన్ని దూరంగా పెట్టండి. అది సోడియం కార్బోనేట్, పొరపాటున మింగితే గొంతు కాలుతుంది.

మాత్రలు వేసుకున్నాక తేన్పులు వస్తే భయం లేదు. ఐరన్ మాత్ర వాడుతుంటే రెండింటికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి, కడుపులో ఆమ్లం తగ్గితే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. మొదలుపెట్టిన తరువాత కాళ్ల వాపు, బరువు, బీపీ చూసుకోండి. నాలుగు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరు, డాక్టరుకు చెప్పాలి. మొదలుపెట్టే ముందు కాల్షియం పరీక్ష చేశారో లేదో అడగండి. మూత్రపిండాల జబ్బులో అది తక్కువగా ఉండవచ్చు, అలాంటివారికి నరంలోంచి వేగంగా బైకార్బోనేట్ ఎక్కిస్తే చేతులు కొంకర్లు పోతాయి. మాత్రలతో ఆ ప్రమాదం తక్కువ.

ఆల్కలైన్ నీళ్ల యంత్రం కొనకండి. ఆ నీళ్లు కడుపులోని ఆమ్లాన్ని చేరగానే వాటి క్షారగుణం పోతుంది. వాటిలో బైకార్బోనేట్ పరిమాణం మాత్రతో పోల్చదగింది కాదు. యంత్రం ఖరీదుతో ఎన్నో ఏళ్ల మాత్రలు వస్తాయి. గోళీ సోడా సంగతి ఇంకా తమాషా. పేరులో సోడా ఉన్నా అది నీళ్లలో కరిగించిన కార్బన్ డయాక్సైడ్, అంటే కొద్దిగా ఆమ్లమే. పులుపు మానేయనక్కర్లేదు. నాలుకకు పుల్లగా ఉన్నదల్లా రక్తాన్ని ఆమ్లం చేయదు. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఒంట్లో కాలి నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. పండ్లు, కూరగాయల్లో పొటాషియంతో జతకట్టిన సిట్రేట్ అయితే ఏకంగా బైకార్బోనేట్‌ను మిగులుస్తుంది. ఆ లెక్కన పండ్లు ఎక్కువ పెట్టమని చెప్పేవాడినే గానీ, నాన్నగారి పొటాషియం ఇప్పటికే ఎక్కువగా 5.3 ఉంది. అరటి, కొబ్బరినీళ్ల విషయంలో మీ డైటీషియన్ మాటే వినండి. మాంసం, చేపలు తగ్గించడం వల్ల కొంత ఉపయోగం ఉంటుంది, కానీ సన్నబడుతున్న మనిషికి ప్రొటీన్ పూర్తిగా కోసేయకూడదు.

సిట్రేట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. విరేచనాలకు వాడే ఓఆర్ఎస్ పొట్లంలో మొదట బైకార్బోనేటే ఉండేది. వేడి, తేమ ఉన్న చోట్ల పొడి నిలవ ఉండక పాడయ్యేది. 1984 నుంచి దాని స్థానంలో ట్రైసోడియం సిట్రేట్ వచ్చింది. కాలేయం దాన్ని బైకార్బోనేట్‌గా మార్చుకుంటుంది. పొట్లం వెనుక చదివితే ఆ పేరు కనబడుతుంది.

ఆసుపత్రిలో చేరిన ప్రతి ఆమ్లరోగికీ బైకార్బోనేట్ ఎందుకు ఎక్కించరని మీరు చివర్లో అడిగారు. కారణం మొదట చెప్పిన మూడు దారుల్లో మొదటిది, ఆమ్లం ఎక్కువగా పుట్టడం. కీటోన్లు పుడుతుంటే ఇన్సులిన్, లాక్టిక్ ఆమ్లం పుడుతుంటే రక్తప్రసరణను నిలబెట్టడం అసలు మందు. అవి సరిపడితే శరీరం ఆ కీటోన్లను, లాక్టేట్‌ను కాల్చి తన బైకార్బోనేట్‌ను తానే తిరిగి తెచ్చుకుంటుంది. బయటినుంచి పోస్తే పొటాషియం ఒక్కసారిగా పడిపోవచ్చు, సోడియం భారం పెరుగుతుంది, పుట్టిన వాయువు కణాల్లోకి దూరి అక్కడ ఆమ్లాన్ని పెంచవచ్చు. అందుకే మధుమేహ కీటోఅసిడోసిస్‌లో పీహెచ్ 7 కంటే కిందికి జారితే తప్ప సాధారణంగా దాని జోలికి వెళ్లరు. మీ నాన్నగారిది ఆ సందర్భం కాదు. ఆయనకు తయారీ తగ్గింది, తగ్గిన మేరకు బయటినుంచి ఇస్తున్నాం. కాబట్టి మూత్రపిండాలు ఇలాగే ఉన్నంతకాలం ఏదో ఒక మోతాదులో కొనసాగవలసి ఉంటుంది. డయాలసిస్ అవసరమైతే ఆ ద్రవంలోనే బైకార్బోనేట్ ఉంటుంది, అప్పుడు మాత్రలు తగ్గించడమో ఆపడమో చేస్తారు.

మూడు, నాలుగు వారాల్లో బైకార్బోనేట్, పొటాషియం మళ్లీ చేయించండి, వీలైతే అదే ల్యాబ్‌లో. 20 నుంచి 24 మధ్య ఉంటే చాలు, 26 దాటనివ్వకండి. ఈలోగా వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, మగతగా ఉన్నా, కూర్చున్నచోటే లోతుగా ఊపిరి తీస్తున్నా, కాళ్లలో బలం పోయినట్లున్నా, అది ఫోన్లో అడిగే విషయం కాదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొటాషియం 5.3 ఉన్న మనిషి కాబట్టి, గుండె మీద దాని ప్రభావం చూడటానికి, అక్కడ ముందు ఈసీజీ తీయమనండి.